ఆయిల్‌లో నీళ్లు, నీళ్లలో ఆయిల్: హెడ్ దించే ముందు తేల్చుకోవాల్సినవి

పాత కారు ఓనర్ గ్యారేజీలో వినకూడదనుకునే మాట ఒకటుంది: "సార్, హెడ్ గ్యాస్కెట్ పోయింది." హెడ్ అంటే సిలిండర్ల పైకప్పు, గ్యాస్కెట్ అంటే దానికీ కింది ఇంజన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు. మెకానిక్ ఆయిల్ మూత తిప్పుతాడు. మూత అడుగున తెల్లటి నురగ కనిపిస్తుంది. అంతే, తీర్పు వచ్చేస్తుంది. చాలాసార్లు ఆ మాట నిజమే. కానీ నిజం కానప్పుడు జరిగేది చూడాలి. హెడ్ దించుతారు, లేత్‌కు పంపి ఫేసింగ్ కొట్టిస్తారు (అడుగు తలాన్ని చదును చేయిస్తారు), కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేసి బిగిస్తారు. బండి ఇంటికొచ్చిన వారానికి కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) డబ్బాలో మళ్లీ ఆయిల్ తేలుతుంది. తప్పు హెడ్ దగ్గర లేదు, ఆయిల్‌ను కూలెంట్‌తో చల్లబరిచే ఆయిల్ కూలర్‌లో ఉంది. డబ్బు పోయింది, జబ్బు మిగిలింది.

ఆయిల్, కూలెంట్ కలిసిపోవడం అనేది లక్షణమే, రోగం కాదు. ఇంజన్లో ఈ రెండూ పక్కపక్క దారుల్లోనే తిరుగుతుంటాయి. వాటి మధ్య అడ్డు ఒకచోట గ్యాస్కెట్, ఒకచోట కాస్త మందం ఉన్న లోహపు గోడ, ఇంకోచోట ఉత్త రబ్బరు రింగు. ఆ అడ్డు ఎక్కడ తెగినా పైకి కనబడేది ఒకటే, లేత గోధుమరంగు చిక్కటి పదార్థం. ఎక్కడ తెగిందో దాని రంగు చెప్పదు. ఏది దేనిలోకి వెళ్లింది, ఎప్పుడు వెళ్లింది, ఎంత ప్రెజర్ మీద వెళ్లింది, ఈ మూడూ చెబుతాయి.

ముందు, అసలు కలిసిందా?

మూత కింది నురగను చూసి భయపడాల్సిన పని లేదు, కనీసం వెంటనే. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. లీటర్ పెట్రోల్‌కి దాదాపు లీటర్ నీళ్లంత. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ నుంచి పోతుంది గానీ, కొంచెం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, అంటే ఆయిల్ ఉండే చోటికి దిగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కి అరగంట నడిస్తే ఆ తేమ ఆవిరై బ్రీదర్ పైపు గుండా బయటికి పోతుంది. డిసెంబరు చలిలో పిల్లల్ని స్కూల్లో దింపి రెండు కిలోమీటర్లు తిరిగి వచ్చేసే బండిలో మాత్రం పోదు. ఇంజన్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటు పైనున్న మూత, కాబట్టి తేమ అక్కడే చేరి ఆయిల్‌తో కలిసి నురగ కడుతుంది. బ్రీదర్ వాల్వు మూసుకుపోయినా ఇదే కథ.

అందుకే మూత కంటే ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ నమ్మదగ్గ సాక్షి. అది చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగు దాకా దిగి వస్తుంది. స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి, కూలెంట్ లెవెల్ తగ్గకుండా ఉంటే, మూత తుడిచేసి హైవే మీద ఓ నలభై యాభై కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి. నురగ రాకపోతే ఆ సంగతి మర్చిపోవచ్చు. స్టిక్ మీదే తెల్లదనం కనిపిస్తే, లేదా ఆయిల్ లెవెల్ వేసినదానికంటే పెరిగితే, ఆ హైవే పరీక్ష చేయొద్దు. బండిని ఉన్నచోటే ఆపేయండి.

లెవెల్ పెరగడం గురించి ఒక మాట. ఆయిల్ తనంతట తాను పెరగదు కదా అని వెంటనే కూలెంట్ మీద పడతాం. ఇంజెక్టర్ కారినా, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ బండిలో ఆ ఫిల్టర్ శుభ్రమయ్యే ప్రక్రియ మధ్యలో పదే పదే ఆగిపోయినా, ఇంధనం ఆయిల్‌లోకి దిగి లెవెల్ పెరుగుతుంది. తేడా సులువు. ఇంధనం కలిసిన ఆయిల్ పల్చబడి వాసన వేస్తుంది, తెల్లబడదు.

అటువైపు, కూలెంట్ డబ్బాలో కనిపించే గోధుమరంగు బురదంతా కూడా ఆయిల్ కాదు. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్లో తుప్పు ఆ రంగులోనే ఉంటుంది. రెండు రకాల కూలెంట్లు కలిపితే కొన్నిసార్లు జిగురులా మారుతుంది. రేడియేటర్ లీకు ఆపడానికి పోసే పొడి, ద్రావణం కూడా బురదగా కనబడతాయి. కొంచెం తీసి గాజు గ్లాసులో పోసి రాత్రంతా కదపకుండా ఉంచితే చాలు. తుప్పు అడుగుకి దిగుతుంది, ఆయిల్ పైకి తేలుతుంది. వేళ్ల మధ్య రుద్దితే తుప్పు గరగరలాడుతుంది, ఆయిల్ జారుతుంది, ఉత్త నీళ్లతో కడిగితే పోదు. ఇంకోటి, నవ్వొచ్చినా నిజం: ఎవరో తెలియనివాళ్లు కూలెంట్ డబ్బాలో ఇంజన్ ఆయిలో, బ్రేక్ ఆయిలో పోసేసిన సందర్భాలుంటాయి. ఈమధ్య బానెట్ ఎవరెవరు ఎత్తారో కనుక్కోవడం కూడా పరీక్షలో భాగమే.

వరద నీళ్ల సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అలా మునిగిన ఇంజన్లో ఆయిల్ తెల్లబడితే గ్యాస్కెట్‌ను నిందించి లాభం లేదు. నీళ్లు బయటినుంచి వచ్చాయి. కూలెంట్ లెవెల్ తగ్గకుండా, ఆయిల్‌లో మాత్రమే నీళ్లుంటే ముందు ఆ కోణంలో ఆలోచించాలి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం.

ప్రెజర్ ఎటు ఎక్కువ?

అసలు విషయం ఇక్కడుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ పంపు ఆయిల్‌ను సుమారు 3 నుంచి 5 బార్ ప్రెజర్‌తో తోస్తుంది. వేడెక్కాక ఐడిలింగ్‌లో అది 1 బార్ దగ్గరికి పడిపోవచ్చు. కూలింగ్ సిస్టమ్ ప్రెజర్‌ను రేడియేటర్ మూత అదుపు చేస్తుంది, చాలా కార్లలో 0.9 నుంచి 1.1 బార్ దగ్గర. అంటే బండి రోడ్డు మీద ఉన్నప్పుడు ఆయిల్‌దే పైచేయి. మధ్యలో ఏ చిల్లు పడినా ఆయిల్ కూలెంట్‌లోకి వెళ్తుంది.

ఇప్పుడు ఇంజన్ ఆపండి. ఆయిల్ ప్రెజర్ క్షణాల్లో సున్నా అవుతుంది. కూలెంట్ మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది, ఆపిన వెంటనే ఇంకాస్త వేడెక్కుతుంది కూడా. దాని ప్రెజర్ చల్లారే దాకా నిలుస్తుంది. ఇప్పుడు అదే చిల్లులోంచి ప్రయాణం రివర్స్. కూలెంట్ ఆయిల్‌లోకి దిగుతుంది. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే క్రాంక్ షాఫ్ట్ ఆ రెండింటినీ కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలికేస్తుంది.

ఇంజన్లో ఆయిల్ దారులన్నీ ప్రెజర్ దారులు కావు. పంపు నుంచి పైకి వెళ్లే దారిలోనే ప్రెజర్ ఉంటుంది. హెడ్‌లో పని ముగించుకున్న ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి జారే రంధ్రాల్లో ప్రెజర్ ఏమీ ఉండదు, తన బరువుకి తను కారుతుంది. చాలా ఇంజన్లలో గ్యాస్కెట్ గుండా పైకి ఆయిల్ తీసుకెళ్లే రంధ్రం ఒకటో రెండో ఉంటుంది. కిందికి జారేవి అంతకంటే ఎక్కువ.

ఇంత తెలిస్తే లక్షణాలు చదవడం మొదలుపెట్టవచ్చు. కూలెంట్‌లో బోలెడు ఆయిల్ ఉంది, చాంబర్‌లో ఆయిల్ మాత్రం శుభ్రంగా ఉంది అంటే, ప్రెజర్ ఉన్న ఆయిల్ దారి ఎక్కడో తెగింది. ఆయిల్ కూలర్ కావచ్చు, గ్యాస్కెట్‌లో పైకెళ్లే ఆ ఒక్క రంధ్రం అంచు కావచ్చు. దీనికి వ్యతిరేకంగా, ఆయిల్ తెల్లబడింది, కూలెంట్ తగ్గుతోంది గానీ అందులో ఆయిల్ జాడే లేదంటే, ప్రెజర్ లేని చోట చిల్లు పడింది. గ్యాస్కెట్‌లో కిందికి జారే రంధ్రం దగ్గర, హెడ్ పగులులో, టైమింగ్ కవర్ గ్యాస్కెట్‌లో, లేదా వెట్ లైనర్ (బయటివైపు కూలెంట్ తాకే విడి సిలిండర్ గొట్టం) ఇంజనైతే లైనర్ అడుగు రబ్బరు రింగుల్లో. రెండువైపులా కలిస్తే ప్రెజర్ దారే తెగి, బండిని అలాగే చాలా రోజులు నడిపి ఉంటారు.

మూడో రకం ఒకటుంది. ఆయిల్ బాగుంది, కూలెంట్ బాగుంది, కూలెంట్ మాత్రం తగ్గుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, తియ్యటి వాసన. ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే పై హోజ్ పైపు రాయిలా గట్టిపడుతుంది. ఇది గ్యాస్కెట్ పోవడమే, కానీ సిలిండర్ వైపు. ఆయిల్‌కి సంబంధం లేదు. జనం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. గ్యాస్కెట్ అంటే ఒక్క సీలు కాదు. సిలిండర్ చుట్టూ ఉండే ఉక్కు రింగు వేరు, నీళ్ల రంధ్రాల చుట్టూ ఉండే సీలు వేరు, ఆయిల్ రంధ్రం చుట్టూ ఉండేది వేరు. ఒకటి పోయి మిగతావి నిక్షేపంగా ఉండొచ్చు.

బండి ఏదన్నదాన్ని బట్టి అనుమానం

మారుతి 800లో ఆయిల్ కూలర్ లేదు. కాబట్టి దానిలో ఆయిల్, నీళ్లు కలిస్తే ముందు వేలు చూపించాల్సింది హెడ్ గ్యాస్కెట్ వైపే, ఆ తర్వాత హెడ్ పగులు వైపు. అక్కడ మెకానిక్ తొందరపాటు తీర్పు కూడా చాలాసార్లు సరైనదే అవుతుంది. మన గ్యారేజీల అలవాటంతా అలాంటి ఇంజన్ల మీద పెరిగింది. ఆ తీర్పునే అన్ని బండ్లకూ వాడటంతోనే చిక్కు.

2007లో స్విఫ్ట్ డీజిల్‌తో మన రోడ్ల మీదికి వచ్చిన ఫియట్ 1.3 లీటర్ మల్టీజెట్ ఇంజన్‌ను తీసుకోండి. 1248 సీసీ. మారుతి దాన్ని డీడీఐఎస్ అంది, టాటా క్వాడ్రాజెట్ అంది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఇండికా విస్టా, పుంటో, లీనియా, అన్నింట్లోనూ ఉన్నది ఇదే కుటుంబం. 2020లో బీఎస్‌6 కాలుష్య నిబంధనలతో మారుతి డీజిల్ మానేసేదాకా నడిచింది. ఇప్పుడు సెకండ్‌హ్యాండ్, థర్డ్‌హ్యాండ్ చేతుల్లో, ట్యాక్సీల్లో లక్షల కిలోమీటర్లు తిరిగినవి ఎన్నో ఉన్నాయి. దీనిలో ఆయిల్ ఫిల్టర్ గూటికి ఒక చిన్న ఆయిల్ కూలర్ అతికించి ఉంటుంది. లోపల పల్చటి పలకలు దొంతరగా ఉంటాయి. ఒక అరలో ఆయిల్, పక్క అరలో కూలెంట్, మళ్లీ ఆయిల్, మళ్లీ కూలెంట్. మధ్యలో ఉన్నది పల్చటి లోహమే. కూలెంట్ బదులు ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోస్తే తుప్పు అన్నిటికంటే ముందు తినేది ఇలాంటి చోటునే.

అలాంటి డిజైర్ ఒకటి వచ్చిందనుకుందాం. డబ్బాలో పైదాకా నల్లటి, చిక్కటి ఆయిల్ నురగ. డిప్‌స్టిక్ శుభ్రం. పికప్ బాగానే ఉంది, తెల్ల పొగ లేదు, చల్లగా ఉన్నప్పుడు హోజ్ పైపు గట్టిపడటం లేదు. ఈ లక్షణాలన్నీ కూలర్‌నే చూపిస్తున్నాయి. కూలర్ తీసి పరీక్షించడం ఒక పూట పని. హెడ్ దించడమంటే టైమింగ్ చైన్ సహా రెండు మూడు రోజుల పని. గ్యాస్కెట్ పోలేదని ఎవరూ ప్రమాణం చేయలేరు గానీ, ఒక పూట పనితో తేలేదాన్ని వదిలేసి మూడు రోజుల పనితో మొదలుపెట్టడం ఎందుకు?

లారీలు, ట్రాక్టర్లు, కొన్ని పాత డీజిల్ జీపుల ఇంజన్లలో వెట్ లైనర్లు ఉంటాయి. సిలిండర్ గొట్టాన్ని నేరుగా కూలెంట్ తాకుతుంది. కింద రెండు మూడు రబ్బరు రింగులు ఆ నీళ్లను చాంబర్‌లోకి దిగకుండా ఆపుతాయి. అవి ముదిరితే నీళ్లు సరాసరి ఆయిల్‌లోకి దిగుతాయి, హెడ్‌కి ఏ పాపమూ తెలియదు.

అమెరికాలో చదువుకోవడానికి, ఉద్యోగాలకి వెళ్లిన మనవాళ్లు పాత కార్లు కొంటుంటారు కాబట్టి అక్కడి జాబితా కూడా కొంచెం. 1990ల చివర, 2000ల మొదట్లో వచ్చిన జీఎం (జనరల్ మోటార్స్) 3.1, 3.4 లీటర్ వీ6 ఇంజన్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ పాడై కూలెంట్ ఆయిల్‌లోకి దిగడం పేరుమోసిన సమస్య. ఫోర్డ్ ఎడ్జ్ లాంటి వాటిలో అడ్డంగా బిగించిన 3.5 వీ6కి వాటర్ పంపు టైమింగ్ చైన్‌తో తిరుగుతూ ఇంజన్ లోపలే ఉంటుంది. దాని సీలు బాగా పాడైతే కూలెంట్ బయట కారకుండా చాంబర్‌లోకే పోవచ్చు. 2005–2010 నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రంటియర్ బండ్లలో రేడియేటర్ లోపలి గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ చిల్లుపడి కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి వెళ్లేది. కంపెనీయే రేడియేటర్ వారంటీని పొడిగించాల్సి వచ్చింది. ఆటోమేటిక్ బండి ఏదైనా సరే, కూలెంట్‌లో గులాబీరంగు నురగ కనబడితే అది ఇంజన్ ఆయిల్ కాదు, గేర్‌బాక్స్ ఆయిల్. అప్పుడు ఇంజన్ కంటే గేర్‌బాక్స్‌కే ప్రమాదం. లోపలి క్లచ్ ప్లేట్ల లైనింగ్ నీళ్లకి ఊడిపోతుంది. అలాంటి బండిని ఇంటిదాకా కూడా నడపకూడదు, లాక్కెళ్లాలి.

ఖర్చు లేని పరీక్ష ముందు

మొదటిది, నాకు బాగా నచ్చినది, ఒక్క పానాతో అయిపోతుంది. బండిని సమంగా ఉన్న నేల మీద రాత్రంతా ఆపి ఉంచండి. పొద్దున స్టార్ట్ చేయకుండా, కింద తెల్లటి ప్లాస్టిక్ గిన్నె పెట్టి, చాంబర్ డ్రెయిన్ బోల్టును వదులు చేయండి. పూర్తిగా తీయకూడదు, చుక్కచుక్కగా కారేంత మాత్రమే. నీళ్లు ఆయిల్ కంటే బరువు. రాత్రికి రాత్రి అడుగున చేరి ఉంటాయి. ఆకుపచ్చదో ఎర్రదో ఓ సన్నటి ధార ముందు వచ్చి, ఆ వెనక నల్లటి ఆయిల్ వస్తే ఇక వాదన అక్కర్లేదు. రంగులేని నీళ్లొస్తే, రేడియేటర్లో ఉత్త నీళ్లు పోశారా, బండి ఎక్కడైనా మునిగిందా అని అడగాలి. ఏమీ రాకపోతే మాత్రం ఇంజన్‌కు క్లీన్ చిట్ ఇచ్చేయకండి. బాగా చిలికిపోయిన మిశ్రమం ఒక్క రాత్రిలో విడిపోదు.

రెండోది చిటపట పరీక్ష. బాగా కాలిన ఇనుప రేకు మీద ఒక్క చుక్క ఆయిల్. నీళ్లుంటే చిటపటమని పేలుతుంది, లేకపోతే ఊరికే పొగ వస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని, ఆరుబయట, వంటింటికి దూరంగా చేయాలి. దీని లోపం కూడా తెలిసుండాలి. కూలెంట్‌లో సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్. ఇంజన్ బాగా వేడి మీద నడిచి ఉంటే నీళ్లు ఆవిరైపోయి గ్లైకాల్ ఒక్కటే మిగలవచ్చు. అప్పుడు చిటపట రాదు. అసలు బేరింగులను తినేది ఆ మిగిలిన గ్లైకాలే. ఆయిల్‌లో అది ఆమ్లాలుగా, జిగురుగా మారుతుంది. సందేహం తీరకపోతే ఆయిల్ శాంపిల్‌ను లాబ్‌కి పంపితే సోడియం, పొటాషియం ఎంతున్నాయో చెబుతారు. చాలా కూలెంట్లలో తుప్పు పట్టకుండా కలిపే ఉప్పుల్లో అవి ఉంటాయి. అవి అసాధారణంగా పెరిగాయంటే కూలెంట్ దిగినట్టే.

తర్వాత కూలింగ్ సిస్టమ్ ప్రెజర్ టెస్ట్. చేతి పంపు, దానికో గేజ్, రేడియేటర్ మూత స్థానంలో బిగించే అడాప్టర్. ఇంజన్ పూర్తిగా చల్లారాకే మూత తీయాలి. వేడి మీద తీసి ముఖం కాల్చుకున్నవాళ్లు ఏ మెకానిక్ షెడ్‌లో అడిగినా ఒకరు దొరుకుతారు. మూత మీద రాసి ఉన్న ప్రెజర్ దాకా పంపు కొట్టి వదిలేయాలి. ముల్లు దిగిపోతోంది, బయట ఎక్కడా తడి లేదంటే లీకు లోపలే. ఇక్కడ చాలామంది పది నిమిషాలు చూసి "బాగానే ఉంది" అనేస్తారు. సన్నటి లీకు అంత తొందరగా బయటపడదు. వీలైతే ఆయిల్ తీసేసి, డ్రెయిన్ బోల్టు తెరిచి ఉంచి, మధ్యమధ్య పంపు కొడుతూ కొన్ని గంటలు వదిలేయాలి. ఆయిల్ లేని చాంబర్ రంధ్రం నుంచి కూలెంట్ చుక్క రాలితే అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఫిల్టర్ పక్కనే కూలర్ ఉన్న ఇంజన్లలో ఫిల్టర్ మూత తీసి, ఎలిమెంట్ బయటపెట్టి, ప్రెజర్ ఇచ్చి ఆ గూట్లోకి టార్చ్ వేసి చూస్తే కూలెంట్ ఊరడం కంటికే కనిపించవచ్చు.

కూలర్‌ను విప్పి పరీక్షించాలంటే కూలెంట్ వైపు దారులు తెరిచి ఉంచి, ఆయిల్ వైపు ఒక రంధ్రానికి రబ్బరు బిరడా బిగించి, రెండో దాని నుంచి 4–5 బార్ గాలి ఇచ్చి బకెట్ నీళ్లలో ముంచాలి. బకెట్లో నీళ్లు వేడివి కావాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే సన్నటి పగులు వేడికి తెరుచుకుంటుంది. చన్నీళ్లలో పాసైన కూలర్‌నే తిరిగి బిగించి, ఆ తర్వాత హెడ్ దించిన సందర్భాలకు కొదవ లేదు. గాలి ప్రెజర్‌తో ఆట కాబట్టి బిరడా ఊడి ఎగరకుండా క్లాంపు వేయాలి.

మంచి పరీక్షలే, కానీ వేరే ప్రశ్నకు జవాబు

రేడియేటర్ నోట్లో గొట్టం పెట్టి, నీలం ద్రావణం గుండా పై గాలిని లాగే టెస్టర్ ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీలం పసుపు అవుతుంది. సిలిండర్ గ్యాసు కూలెంట్‌లోకి వస్తోందో లేదో తేల్చడానికి చక్కటి పనిముట్టు. ఆయిల్ దారికీ నీళ్ల దారికీ మధ్య చిల్లు పడితే మాత్రం సిలిండర్ గ్యాసుతో పనేముంది? ద్రావణం నీలంగానే ఉంటుంది. దాన్ని చూసి "గ్యాస్కెట్ భేషుగ్గా ఉంది" అనడం తప్పు. "సిలిండర్ వైపు సీలు బాగుంది" అనడం వరకే నిజం. డీజిల్ ఇంజన్ ఐడిలింగ్‌లో గాలి ఎక్కువ, కార్బన్ డయాక్సైడ్ తక్కువ కాబట్టి అక్కడ ఫలితాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

కంప్రెషన్ టెస్ట్‌దీ ఇదే పరిస్థితి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ తెగిందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అన్నీ సమానంగా, బాగా ఉన్నాయంటే ఆయిల్ మిక్సింగ్ గురించి అది ఏమీ చెప్పలేదు. రిపోర్టు చేతికిచ్చి "అన్నీ ఓకే సార్" అన్నప్పుడు, ఏ ప్రశ్నకు ఓకే అని అడగడం ఓనర్ హక్కు.

హెడ్ దించాక

కూలర్ లాంటివి నిర్దోషులని తేలి, హెడ్ దించడం తప్పకపోతే, పాత గ్యాస్కెట్‌ను చెత్తలో పడేయనివ్వకండి. దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే తెగిన చోటు తరచూ తనే చెబుతుంది. ఆయిల్ రంధ్రానికీ పక్కనున్న నీళ్ల రంధ్రానికీ మధ్య సీలింగ్ పొర కరకరలాడుతూ రాలుతుంటుంది, లేదా ఆ మధ్యలో ఒక నల్లటి చార కనబడుతుంది. అలాంటి గుర్తు ఎక్కడా లేకపోతే, అప్పుడే కొత్త గ్యాస్కెట్ వేసేయకూడదు. హెడ్ పగిలి ఉండొచ్చు.

హెడ్ మీద స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు బద్ద) పెట్టి, సందుల్లో దూర్చి కొలిచే పల్చటి రేకులు, అంటే ఫీలర్ గేజ్‌తో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చూడాలి. చాలా చిన్న ఇంజన్లలో ఆ సందు 0.05 మిల్లీమీటర్ దాటితే ఫేసింగ్ కొట్టించాల్సిందే. ఆ బండి మాన్యువల్‌లో ఏముందో అదే ప్రమాణం. ఫేసింగ్ అయ్యాక పగుళ్ల పరీక్ష చాలామంది ఎగ్గొట్టే మెట్టు. నీళ్ల దారులన్నీ మూసి, వేడి నీళ్ల తొట్టెలో గాలి పెట్టి చూస్తారు. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాద్‌లోనైనా మంచి లేత్ షాపులు ఈ పని చేస్తాయి, అడగాలంతే. అడగకపోతే ఉత్త ఫేసింగ్ కొట్టి ఇచ్చేస్తారు. ఒకసారి బాగా హీటెక్కిన అల్యూమినియం హెడ్‌ని ఈ పరీక్ష లేకుండా తిరిగి బిగించడం నా దృష్టిలో జూదం.

బోల్టుల విషయంలో కక్కుర్తి పడొద్దు. ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి హెడ్ బోల్టులు బిగించేటప్పుడు సాగేలా తయారవుతాయి, రెండోసారి పనికిరావు. మధ్య నుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన వరసలో, చెప్పిన టార్క్, ఆ పైన చెప్పిన కోణం. "చేతి లెక్క" ఇక్కడ చెల్లదు.

అసలు ఎందుకు పోయిందో కూడా వెతకాలి. గ్యాస్కెట్ చాలావరకు హీటెక్కడం వల్లే పోతుంది. ఫ్యాన్ తిరగడం లేదా, రేడియేటర్ ట్యూబులు బోరు నీళ్ల సున్నంతో పూడుకుపోయాయా, ప్రెజర్ మూత రబ్బరు చచ్చిందా? రెంటచింతల ఎండలో నడిచే బండికి ఇవి చిన్న విషయాలు కావు. ప్రెజర్ 1 బార్ దగ్గర నిలబెట్టే మూత ఉంటే ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు, అదే మూత లీకైతే వందకే మరిగిపోతాయి. "మన ఎండలకు థర్మోస్టాట్ అక్కర్లేదు" అని పీకేయడం మన దగ్గర పాత అలవాటు. ఇంజన్ ఎప్పుడూ సరిగ్గా వేడెక్కకుండా, ఆయిల్‌లో తేమ ఆరకుండా చేసుకోవడం తప్ప దానివల్ల ఒరిగేది లేదు. పైగా మూత కింద నురగ వచ్చి మళ్లీ గ్యాస్కెట్ అనుమానం!

కడగడం, రిపేరంత పని

కూలర్ మార్చారు, లేదా గ్యాస్కెట్ వేశారు. లోపల మిగిలిన ఆయిల్ సంగతేంటి? రబ్బరు హోజ్ పైపులు కూలెంట్‌ని తట్టుకునేలా తయారవుతాయి గానీ ఆయిల్‌ని కాదు. ఆయిల్ నానిన పైపుని వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా, ఉబ్బి, లోపలి గోడ జిగటగా ఉంటుంది. క్లిప్పు దగ్గర రబ్బరు పొంగి అంచు దాటి వస్తుంది. అలాంటివి నెలా రెండు నెలల్లో హైవే మీద పగులుతాయి, ఇంజన్ మళ్లీ హీటెక్కుతుంది. పైపులు, థర్మోస్టాట్, ప్రెజర్ మూత, రిజర్వ్ డబ్బా మార్చేయడమే మేలు. డబ్బాని కడిగి వాడొచ్చు గానీ, పాత మరకలుంటే లీకు మళ్లీ వచ్చిందో లేదో చెప్పలేం.

సిస్టమ్ కడగడానికి సర్ఫ్, గిన్నెల సబ్బు పోయడం మామూలుగా చేసే పని. నురగ లేచి గాలి బుడగలు చిక్కుకుంటాయి, గాలి చిక్కుకున్న చోట హెడ్ కాలుతుంది. నురగ రాని డీగ్రీజర్, రేడియేటర్ ఫ్లష్ వాడి, హీటర్ తెరిచి, ఇంజన్ వేడెక్కనిచ్చి, తీసేసి, మళ్లీ మంచినీళ్లు పోసి, నీళ్ల మీద నూనె పొర కనబడనంత వరకు తిప్పాలి. మూడు నాలుగు విడతలు మామూలే. హీటర్ కోర్‌లో (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) దాక్కున్నది రోజుల తర్వాత కూడా కొంచెం కొంచెం తేలుతుంది. అందుకే రిపేరైన మొదటి వారంలో డబ్బాలో సన్నటి పొర కనబడగానే కంగారు పడక్కర్లేదు. తుడిచేసి, రోజూ చూడండి. తగ్గుతూ వస్తే పాతది. ఆగకుండా పెరిగితే కొత్తది.

ఇంజన్ ఆయిల్ వైపు, చాంబర్‌లో కూలెంట్ దిగి ఉంటే, చవకైన ఆయిల్ పోసి ఇంజన్‌ను ఐడిలింగ్‌లోనే కొంచెంసేపు నడిపి తీసేయాలి. ఫిల్టర్ మార్చి మంచి ఆయిల్ పోసి, దాన్ని కూడా 500 కిలోమీటర్ల దగ్గరే ఫిల్టర్‌తో సహా మార్చేయాలి. ఆ మార్చేటప్పుడు పాత ఫిల్టర్‌ను కోసి కాగితం మడతలు విప్పి చూడమనండి. మడతల్లో వెండి రంగులోనో రాగి రంగులోనో పొడి మెరిస్తే బేరింగులు అప్పటికే దెబ్బతిన్నాయి, చాంబర్ దించి కనెక్టింగ్ రాడ్ బేరింగులు చూడాల్సిందే. మామూలు మసి తప్ప మెరుపేమీ లేకపోతే బండిని మామూలుగా నడుపుకోవచ్చు.